చిట్టీ అందిన వేళ

బాన్సువాడ,
12 జూన్ 1983

చందర్‌కు,

నీ ఉత్తరం నిన్న అందింది. ఎం.టెక్ రెండో ఏడులో అడుగు పెట్టావు. మీ అక్క ఉంటే తండాలో ఇంటింటికీ వెళ్లి చెప్పి వచ్చేది. నేను మా గుమాస్తాకు చెప్పాను. "మీ బామ్మర్ది గట్టోడే సారు" అన్నాడు. అంతటితో అయిపోయింది.

థీసిస్‌కు విషయం దొరకడం లేదని రాశావు. సమాచార వ్యవస్థలు అన్న మాట రెండుసార్లు చదివాను. బి.ఏ.లో మాకు చరిత్ర, రాజనీతి చెప్పారు. ఇది చెప్పలేదు. ఒకచోటి కబురు ఇంకోచోటికి ఎలా చేరుతుంది, చేరేసరికి ఎంత మిగులుతుంది అన్నదే ఆ చదువైతే, మా కాలువ మీద రోజూ జరిగేది అదే. నిజాంసాగర్ నుంచి నీళ్లు వదిలినట్టు మాకు తెలుస్తుంది. మేము చిట్టీలు రాసి తూము తూముకూ పంపుతాం. నీళ్లకంటే చిట్టీ ముందు చేరాలి. కొన్నిసార్లు నీళ్లే ముందు చేరతాయి. పనికొస్తుందేమో చూడు.

ఇక్కడ విశేషాలు లేవు. జొన్నరొట్టె చేయడం నేర్చుకున్నాను. గుండ్రంగా రాదు. మీ అమ్మ అంగడి రోజున మా క్వార్టర్ ముందు నుంచే పోతుంది. ఆగదు. మీ అక్క హేమ్లి పోయిన రోజు నుంచి నా చేతి నీళ్లు ముట్టలేదు. మూడున్నరేళ్లు. ఫిర్యాదుగా రాయడం లేదు. ఆమె బాగానే నడుస్తోందని చెప్పడానికి రాశాను.

తారాచంద్


హైదరాబాద్,
26 జూన్ 1983

బావకు నమస్కారం.

నువ్వు నాలుగు ముక్కల్లో రాసింది పట్టుకుని మా గైడు దగ్గరికి పోయాను. "నీ ప్రశ్న ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పు" అన్నారు. "కాలువ ఆఫీసులో కంప్యూటర్ పెడతాను సార్" అన్నాను. "అది జవాబు. నేను ప్రశ్న అడిగాను" అన్నారు. పక్కనున్న సీనియర్లు నవ్వారు.

వారం రోజులు లైబ్రరీలో కూర్చున్నాను. ఈ విషయం మీద ముందు ఎవరు ఏం రాశారో చదవాలట. అన్నీ పరాయి దేశాల ఫ్యాక్టరీలు, బ్యాంకులు. సైకిల్ మీద చిట్టీ పట్టుకుపోయే మనిషి ఒక్క పేజీలోనూ లేడు. ఎనిమిది వాక్యాలు కొట్టేశాక తొమ్మిదోది ఇలా వచ్చింది: కాలువ ఆఫీసులో రాసిన చిట్టీ చివరి తూముకు చేరడానికి ఎంతసేపు పడుతుంది, ఎందుకు? గైడు కళ్లద్దాలు తీసి, "ఇది ప్రశ్న. ఇప్పుడు ఆధారం తీసుకురా" అన్నారు.

ఆధారం నీ దగ్గరే ఉంది. మీ రిజిస్టర్‌లో చిట్టీ పంపిన వేళ, అందిన వేళ రాస్తారని అక్క చెప్పేది. 78 నుంచి 82 దాకా నకలు కావాలి. అడగడానికి మొహమాటంగానే ఉంది.

మన యాడి, అమ్మ సంగతి రాశావు. ఆ రోజు మధ్యాహ్నమే నీకు కబురు అందిందనీ, పని ముగించుకుని అక్క పోయాక వచ్చావనీ అమ్మ అంటుంది. మీ గుమాస్తా రిజిస్టర్ చూసి చెప్పాడట. నేను ఏనాడూ నమ్మలేదు బావా. అందుకే నిన్ను అడగలేదు కూడా.

హాస్టల్ పప్పులో పప్పు వెతకడం కూడా ఒక పరిశోధనే.

నీ
చందర్


బాన్సువాడ,
17 జూలై 1983

చందర్‌కు,

పై అధికారిని అడిగాను. ఆదివారాలు రాసుకోమన్నాడు. ఆఫీసు మా క్వార్టర్‌లో ముందు గదే కాబట్టి ఇబ్బంది లేదు. 78, 79 నకళ్లు పంపుతున్నాను.

మా సెక్షన్ చిన్నది. పాములబండ కాలువ, ఐదు తూములు, తొమ్మిది మైళ్లు. వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని నేను. చిట్టీలు మోసేది లస్కరు పోచన్న. గేట్లు తిప్పేది కూడా అతనే. చదువు రాదు. చిట్టీలను తూముల వరుసలో కట్టగా కట్టిస్తాం. పైది మొదటి తూముది, అడుగుది చివరి తూముది. ఒక్కో చోట కట్టలోంచి ఒక్కటి తీసి ఇస్తాడు. ఇరవై ఏళ్లలో ఒక్క చిట్టీ కూడా పోగొట్టలేదు.

వానలు ఆలస్యం. చిక్కుడు తీగను మేక తిన్నది. మీ అక్క పెట్టిన తీగ. మళ్లీ చిగురు వేసింది.

తారాచంద్


హైదరాబాద్,
14 ఆగస్టు 1983

బావకు,

నకళ్లు అందాయి. నీ చేతిరాత చూసి గైడు "ఈయన్ని మన డిపార్ట్‌మెంట్‌కి తెచ్చుకుంటే బాగుండు" అన్నారు. ఒక్కో వరుసకు ఒక్కో కార్డు. అందులో చిల్లులు పొడిచి కంప్యూటర్‌కు తినిపించాలి. పొడవడానికి మెషిన్ దొరకడమే గంటల పని. ఇప్పటికి నాలుగు వందల కార్డులు అయ్యాయి. కళ్లు మూసుకుంటే చిల్లులే కనిపిస్తున్నాయి.

ఆధారం చూడకముందే గైడు నాతో ఒక అంచనా రాయించి సంతకం పెట్టించుకున్నారు. తరువాత మార్చకూడదట. వానాకాలంలో గట్టు బురద కాబట్టి చిట్టీ ఆలస్యం అవుతుందని రాశాను.

మిగిలిన మూడేళ్లు కూడా పంపు. ఒక ప్రశ్న అడగమన్నారు: చిట్టీ అందిన వేళను రిజిస్టర్‌లో రాసేది ఎవరు?

చందర్


బాన్సువాడ,
4 సెప్టెంబర్ 1983

చందర్‌కు,

గుమాస్తా రాస్తాడు. నెలాఖరున నేను సంతకం పెడతాను.

మూడేళ్ల నకళ్లు ఇందులో ఉన్నాయి. 80 జనవరి పేజీ కూడా ఉంది. నువ్వు అన్ని వరుసలూ అడిగావు.

చలిజ్వరం వచ్చి తగ్గింది. ఫికర్ పెట్టుకోకు.

తారాచంద్


హైదరాబాద్,
20 సెప్టెంబర్ 1983

తారాచంద్ గారికి,

మీరు పంపిన నకళ్లు చేరాయి.

17 జనవరి 1980, ఆరో వరుస. చివరి తూము, వర్క్ ఇన్‌స్పెక్టర్ గారికి. పంపిన వేళ 11.20. అందిన వేళ 12.20. విషయం: భార్య దవాఖానలో ఉంది, వెంటనే రావాలి. మీ చేతిరాతే. ఆ కార్డుకు నేనే చిల్లులు పొడిచాను.

సైకిల్ మీద గంటంబావు దూరం. పన్నెండు ఇరవైకి అందితే ఒంటిగంటన్నరకు దవాఖానలో ఉండాలి. మీరు వచ్చింది ఐదున్నరకు. అక్క పోయింది ఐదుకు పది నిమిషాల ముందు. అప్పటిదాకా తెలివిలోనే ఉంది. తలుపు తోసిన చప్పుడైతే చాలు, "వచ్చిండా?" అని అడిగేదట.

అమ్మ మాటను ఇన్నాళ్లూ అబద్ధం కింద జమకట్టాను. ఈ దసరాకు ఇంటికి పోయి ఆమెకు క్షమాపణ చెప్పుకోవాలి. మీ క్వార్టర్‌కు రాను.

చందర్


బాన్సువాడ,
27 సెప్టెంబర్ 1983

చందర్‌కు,

మీరు అని రాశావు. చదివాను.

ఆ వరుస రిజిస్టర్‌లో అలాగే ఉంది. దాని కింద సంతకం నాదే.

వచ్చేటప్పుడు దుప్పటి తెచ్చుకో. దసరా నాటికి తండాలో రాత్రుళ్లు చలి ఉంటుంది.

తారాచంద్


హైదరాబాద్,
23 అక్టోబర్ 1983

బావకు,

మళ్లీ బావ అని రాయడానికి నాకు హక్కు ఉందో లేదో తెలియదు. ముందు జరిగింది చెబుతాను.

దసరాకు పోయి అమ్మకు అంతా చెప్పాను. నువ్వు సంతకం నీదేనని రాసిన ఉత్తరం కూడా చదివి వినిపించాను. ఆమె ఏడవలేదు. "నాకెరుకే కదా" అని మేకలను తోలుకుని పోయింది.

తిరిగి వచ్చాక కార్డులన్నీ కంప్యూటర్‌కు ఇచ్చాను. పదకొండు వందల నలభై ఆరు చిట్టీలు. మర్నాడు కాగితం చేతికి వచ్చింది. సగటు ఆలస్యం ఒక గంట. బాగుందనుకున్నాను. దాని కింద, ఒక చిట్టీకీ ఇంకో చిట్టీకీ తేడా ఎంత అన్నచోట, సున్నా. కార్డులు తప్పు పొడిచానేమోనని మళ్లీ అన్నీ సరిచూసుకున్నాను. నాలుగు రోజులు పట్టింది. తప్పు లేదు. సున్నాయే. పొడిచేటప్పుడు అంకెలను అంకెలుగానే చూశాను, ఒక్కసారీ తీసివేసి చూడలేదు.

గైడు ఆ కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశారు. "ఐదేళ్లు. ఎండ, వాన, బురద, పంక్చర్లు. ఒక్కసారి కూడా నిమిషం ముందు లేదు, వెనక లేదు. మొదటి తూముకూ గంటే, తొమ్మిది మైళ్ల చివర ఉన్నదానికీ గంటే. మీ పోచన్న మనిషా, సూర్యుడా?" అన్నారు. నవ్వలేదు. "ఇది చిట్టీ అందిన వేళ కాదు బాబూ. ఎవరో చేసిన కూడిక. నువ్వు కాలువను కొలవలేదు, గుమాస్తాను కొలిచావు" అన్నారు.

థీసిస్ పోయింది. మార్చిలో ఇవ్వాలి, చేతిలో సున్నా ఉంది. కానీ గైడు గదిలోంచి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాక థీసిస్ గుర్తు రాలేదు. అన్ని వరుసలూ కూడిక అయితే ఆ ఆరో వరుస కూడా కూడికే.

బావా, ఆ చిట్టీ నీకు ఎప్పుడు అందింది? అప్పుడే ఎందుకు చెప్పలేదు?

చందర్


బాన్సువాడ,
6 నవంబర్ 1983

చందర్‌కు,

నాలుగు పది.

అడిగావు కాబట్టి మొదటి నుంచి రాస్తాను. ఇంత పొడుగు ఉత్తరం నేను ఎవరికీ రాయలేదు.

1969లో ఉద్యోగంలో చేరాను. తూములకు కబుర్లు ఆలస్యంగా పోతున్నాయని పై నుంచి కాగితాలు వచ్చేవి. సంజాయిషీ పోచన్న ఇవ్వాలి. అతనికి రాయడం రాదు. అతని బదులు రాసి రాసి విసిగాను. ఒక రోజు నేనే సైకిల్ ఎక్కి ఆఫీసు నుంచి చివరి తూముకు ఆగకుండా తొక్కాను. కుర్రతనం, గంటలో చేరాను. మర్నాటి నుంచి పంపిన వేళకు గంట కలిపి అందిన వేళ రాయమని గుమాస్తాకు చెప్పాను. సంజాయిషీలు ఆగిపోయాయి. అందరికీ మంచిదైంది. పోచన్న ఆగకుండా పోలేడని నాకు తెలుసు. ప్రతి తూము దగ్గరా గేటు తిప్పాలి, నీటిమట్టం చూడాలి, రైతుల తిట్లు వినాలి. అది లెక్కలోకి తీసుకోలేదు.

ఇంకో నియమం కూడా నాదే. చిట్టీలో ఏముందో పోచన్నకు చెప్పకూడదు. ఒకసారి నీళ్ల వంతు సంగతి అతని నోట ముందే బయటపడి రెండు ఊళ్లు కొట్టుకున్నాయి. అప్పటి నుంచి చిట్టీ సంగతి చిట్టీకే తెలియాలన్నాను.

ఆ రోజు నేను చివరి తూము దగ్గర ఉన్నాను. యాసంగి పంటకు నీళ్లు వదిలిన రోజు. తండా మనిషి దవాఖాన నుంచి ఆఫీసుకు వచ్చి కబురు చెప్పాడు. గుమాస్తా చిట్టీ రాశాడు. చివరి తూముకు పోయేది కాబట్టి కట్టలో అడుగున పెట్టాడు. నియమం ప్రకారం పోచన్నకు చెప్పలేదు. పోచన్న నియమం ప్రకారం నాలుగు తూములూ తిప్పుకుంటూ వచ్చాడు. నాలుగు పదికి నా చేతికి ఇచ్చాడు. ఎవరూ తప్పు చేయలేదు.

అతని సైకిల్ తీసుకుని వచ్చాను. మిగతాది నీకు తెలుసు.

గుమాస్తా మర్నాడు ఎప్పటిలాగే గంట కలిపి రాశాడు. నెలాఖరున పేజీ నా ముందుకు వచ్చింది. పన్నెండు ఇరవై అని చూశాను. ఆ ఒక్కటి దిద్దితే మిగతా పదకొండేళ్లవి అబద్ధమని ఒప్పుకున్నట్టవుతుందనీ, పోచన్న ఉద్యోగం పోతుందనీ ఆలోచించానని చెప్పుకోవచ్చు. నిజానికి ఏమీ ఆలోచించలేదు. సంతకం పెట్టే చోటు ఉంది. పెట్టాను.

మీ అమ్మ మనిషిని పంపి అడిగించినప్పుడు గుమాస్తా ఉన్నది చదివాడు. దాన్ని కాదనాలంటే నా రిజిస్టర్ అబద్ధం, నా మాట నిజం అనాలి. అబద్ధం రాయించినవాడి మాట ఎవరు నమ్మాలి?

ముందు వచ్చినా ఆమె బతికేది కాదని డాక్టరు అన్నాడు. అది వేరే సంగతి. వచ్చిండా అని అడిగేదని నువ్వు రాసేదాకా నాకు తెలియదు.

నీకు నకళ్లు రాసేటప్పుడే ఇది చెప్పవలసింది. నీకు వరుసలు కావాలి. నాకు నోరు రాలేదు. నీ ఏడాది పాడుచేశాను.

తారాచంద్


హైదరాబాద్,
15 నవంబర్ 1983

బావకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నేను నమ్ముతున్నాను. కానీ సెప్టెంబర్‌లో నేను ఆ వరుసను కూడా ఇలాగే నమ్మాను. ఇప్పుడు నా నమ్మకానికి నా దగ్గరే విలువ లేదు.

గైడుకు అంతా చెప్పాను. తరువాత రెండు మాటలు అన్నారు. ఒకటి, పాత రిజిస్టర్ వదిలేసి ఈ యాసంగిలో నిజంగా కొలవమన్నారు. చిట్టీ తెచ్చినవాడు కాదు, అందుకున్నవాడు అక్కడికక్కడే వేళ రాయాలి. రెండు నెలలు చాలు. "రాయడానికి నీకు ఇప్పుడే అసలు థీసిస్ దొరికింది" అన్నారు. కొలిచే ఏర్పాటు నువ్వు చేయగలవా?

రెండోది రాయడం కష్టంగా ఉంది. ఆ రోజు సంగతి నువ్వు పోచన్నతో గానీ, కాలువ మీద ఎవరితో గానీ మాట్లాడకు. దయచేసి ఎందుకని అడగకు.

చందర్


బాన్సువాడ,
18 డిసెంబర్ 1983

చందర్‌కు,

ఏర్పాటు చేశాను. నా చేతిగడియారం పోచన్నకు కట్టాను. అతనికి అంకెలు రావు. తూము దగ్గర చదువొచ్చినవాడు ఎవరుంటే వాళ్లు అతని చెయ్యి పట్టుకుని చూసి రాస్తారు. "ఏంది సారు, నాడి సూస్తుండ్రా?" అని అడుగుతున్నాడట అందరినీ. ఇరవై ఆరు రోజుల కాగితాలు పంపుతున్నాను. చివరి తూముకు నాలుగు గంటలకు తక్కువ ఒక్కరోజూ లేదు. అదే రిజిస్టర్‌లో కూడా రాయిస్తున్నాను.

పై నుంచి మెమో వచ్చింది. నవంబర్ నుంచి చిట్టీలు హఠాత్తుగా ఎందుకు ఆలస్యమవుతున్నాయని. ఆలస్యం కొత్తది కాదు, రాయడం కొత్తది అని జవాబిచ్చాను. ఏం చేస్తారో తెలియదు.

ఇంకో సంగతి. పోయిన ఆదివారం నువ్వు వచ్చావట. మీ అమ్మను వెంటబెట్టుకుని నాలుగో తూము దగ్గర భూమవ్వ చాయ దుకాణంలో రెండు గంటలు కూర్చున్నావట. పోచన్నను కూడా పిలిపించి అడిగావట. తిరిగి మా క్వార్టర్ ముందు నుంచే బస్సెక్కావట. గుమాస్తా చూశాడు. నేను లోపలే ఉన్నాను. రొట్టె చేస్తున్నాను.

నమ్ముతున్నానని రాసి, ఊళ్లో నా మీద వాకబు చేయనక్కర లేదు. నమ్మను అంటే సరిపోయేది. దానికి నేను అలవాటు పడ్డాను.

తారాచంద్


హైదరాబాద్,
26 డిసెంబర్ 1983

బావా,

నీ గుమ్మం ముందు నిలబడ్డాను. లోపల రొట్టె తడుతున్న చప్పుడు వినిపించింది. కాళ్లు లోపలికే పోబోయాయి. అమ్మ చెయ్యి పట్టుకుని లాగింది.

ఎందుకో ఇప్పుడు చెప్పవచ్చు. తనకు లాభమో నష్టమో ఉన్న మనిషి మాట ఒక్కటే ఆధారం కాదు. నీకూ డిపార్ట్‌మెంట్‌కూ మన ఇంటికీ సంబంధం లేని మరో నోటి నుంచి రావాలి. ఆ నోరు ముందుగా నీతో మాట్లాడి ఉండకూడదు. నేను కూడా నిన్ను కలిసి పోతే, నువ్వే చెప్పించావని అమ్మ అంటుంది. అందుకే నీకు చెప్పలేదు. పద్ధతి సరైనదే. కానీ పద్ధతి కోసం నీ గుమ్మం ముందు నుంచే ఆగకుండా పోవడం ఎలా ఉంటుందో ఏ పుస్తకంలోనూ లేదు.

భూమవ్వ ఏమందో మాటకు మాట రాసుకున్నాను. నేను ఆ రోజు పేరు ఎత్తలేదు. పోచన్న ఎప్పుడు వస్తాడు, ఎప్పుడు పోతాడు అని మాత్రమే అడిగాను.

"ఎప్పుడు అంటే నాకేం గడియారముందా బిడ్డా? మూడున్నర బస్సు నాకు గడియారం. యాసంగి నీళ్లిడిస్తే, బస్సు అచ్చేటప్పటికి గీడ గేటు తిప్పుతుంటడు. డ్రైవర్ చాయ తాగుకుంట మస్కిరి చేస్తడు, ఏం పోచన్నా, ఇంక నాలుగో తూమేనా, నీకంటే నీళ్లే నయమని."

ఎప్పుడూ అలాగేనా, ఏ రోజైనా ముందు వచ్చాడా అన్నాను.

"ముందెందుకు అస్తడు? సైకిల్ లేకుంట అచ్చిండు ఒక్కసారి. గది యాదికుంది. గా దినం బస్సు ఉన్నప్పుడే గేటు తిప్పి, చాయ తాగి కిందికి పోయిండు. జెరసేపటికి ఇన్‌స్పెక్టర్ సారు పోచన్న సైకిల్ మీద పోయిండు, చెప్పులు గూడ లెవ్వు. పిలిస్తే ఇనలే. ఎన్కసిరి పోచన్న నడుసుకుంట అచ్చిండు, సారు చెప్పులు చేతుల వట్టుకోని. తెల్లారి ఎరుకైంది, సారు భార్య పోయిందని. గా దినం సంది గీ పోచన్న నా చాయ ముడుతలేడు. నాలుగేండ్లాయె. నా చాయల మందు గిట్ల పెట్టిన్నా ఏందని అడుగుతె, ఏం చెప్పడు."

మూడున్నరకు నాలుగో తూము దగ్గర ఉన్న మనిషి పన్నెండు ఇరవైకి ఐదో తూముకు చేరలేడు. ఇంతకంటే గట్టి ఆధారం నా థీసిస్ మొత్తంలో లేదు.

పోచన్నను చాయ సంగతి అడిగాను. తల వంచుకున్నాడు. "గా చిట్టీ నా సంచిల ఉండంగ నేను చాయ తాగిన బిడ్డా" అన్నాడు. థీసిస్‌లో అతని పేరు రాయను, ఊరు పేరు రాయను.

అమ్మ రెండు గంటలూ బల్ల మీద కూర్చుని వింది. చివర్లో భూమవ్వను ఒకటే అడిగింది. "చెప్పులు నిజంగ లెవ్వా?" అని.

సెప్టెంబర్‌లో రాసిన ఉత్తరం వెనక్కి పంపించు బావా. చింపేస్తాను.

నీ
చందర్


బాన్సువాడ,
22 జనవరి 1984

చందర్‌కు,

ఉత్తరం వెనక్కి పంపను. అది కూడా ఒక వరుస. ఉండనీ.

మిగిలిన కాగితాలు ఇందులో ఉన్నాయి. మొత్తం యాభై రెండు రోజులు. పోచన్న గడియారం తిరిగి ఇచ్చాడు. చేతికి మచ్చ పడింది. ఇప్పుడు ఇంటి కబుర్ల చిట్టీలకు మూలన ఎర్రరంగు పూస్తున్నాం. అవి కట్టలో పెట్టం. ఎర్రది కనిపిస్తే ఏ తూము దగ్గరా ఆగకుండా పోవాలి. ఆలోచన పోచన్నదే. "అచ్చరం నాకు రాదు సారు, రంగు అస్తది" అన్నాడు. ఇరవై ఏళ్లుగా అతన్ని ఎవరూ అడగలేదు. నీ థీసిస్‌లో సూచనలు రాసేచోట ఇది రాయి.

మెమో మీద నన్ను రుద్రూర్ వైపు మార్చవచ్చు అంటున్నారు. మార్చనీ. పోచన్న జోలికి రాలేదు. నియమం నాదని రాసి ఇచ్చాను.

17వ తేదీన 1980 రిజిస్టర్ తీశాను. తప్పు దిద్దడానికి పద్ధతి ఉంది. ఎర్రసిరాతో ఒక్క గీత కొట్టాలి. కొట్టేసిన అంకె కింద కనిపిస్తూనే ఉండాలి. పక్కన సరైనది రాసి, దిద్దిన తేదీ వేసి, సంతకం చేయాలి. 12.20 కొట్టి 4.10 రాశాను. పై అధికారి కూడా సంతకం పెట్టాడు.

ఈ రోజు అంగడి. మీ అమ్మ వచ్చింది. గుమ్మం బయట నిలబడి, "గా కాయితం ఏది?" అంది. ముందు గదిలో బల్ల మీద పెట్టి తెరిచాను. ఆమెకు చదువు రాదు కదా. "యాడున్నదో నా ఏలు పెట్టు" అంది. వేలు పట్టుకుని ఆ వరుస మీద పెట్టాను. మొదట కొట్టేసిన అంకె మీద, తరువాత రాసినదాని మీద. వేలు అక్కడే ఉంచి చాలాసేపు నిలబడింది. తరువాత మన తండా మాటలో అడిగింది, అంత దూరం చెప్పుల్లేకుండా తొక్కితే కాళ్లు కోసుకోలేదా అని. గుర్తు లేదన్నాను. నిజంగానే గుర్తు లేదు.

బల్ల దగ్గరే నేల మీద కూర్చుంది. నీళ్లు అడిగింది. ఇచ్చాను. తాగింది.

వేళ నాలుగు ఇరవై. గడియారం చూసే రాస్తున్నాను.

తారాచంద్